ఒదుగు రెక్కలు

ఇంగ్లండు దక్షిణతీరమున పోర్ట్స్‌మత్ రేవులో నేటికిని సందర్శకులు చూడగల వారియర్ అను ఇనుపకవచపు యుద్ధనౌక 1860వ సంవత్సరాంతమున జలప్రవేశము చేసినది. ఆవిరియంత్రమును, మూడు కొయ్యల నిండ తెరచాపలును కూడ ధరించిన ఆ నౌకలో, గాలి అనుకూలించి యంత్రమును ఆపదలచినప్పుడెల్ల ఒక విచిత్రమైన కార్యము జరుగుచుండెడిది. వెనుకభాగమున నీటిలో మునిగియున్న మహాప్రొపెల్లరును ఇరుసునుండి విడదీసి, దానికై విడిచిన నిలువుమార్గము గుండ, సుమారు 600 మంది నావికులు త్రాళ్లు పట్టి లాగి నౌకాగర్భములోనికి ఎత్తి నిలిపెడివారు. పొగగొట్టములను సైతము ఒక భాగములోనికి మరియొక భాగమును జొనిపి క్రిందికి దించెడివారు. అటుపిమ్మట గాని ఆ నౌక తెరచాపలతో తనకు తగిన వేగము నందుకొనెడిది కాదు.

ఇంతటి శ్రమ ఏల యన్న ప్రశ్నకు సమాధానము సులభము. యంత్రము నడచునంతసేపు నౌకను ముందునకు నెట్టు ప్రొపెల్లరే, యంత్రమాగి తెరచాప పనిచేయ నారంభించిన క్షణమునుండి, నౌకను వెనుకకు పట్టియుంచు ప్రతిబంధకముగా మారును. ఈ పేచీ ప్రొపెల్లరుతోపాటే పుట్టినది. ఫ్రాన్సిస్ పెటిట్ స్మిత్ అను ఆంగ్ల కర్షకుడు 1836లో మరచుట్టు ప్రొపెల్లరునకు పేటెంటు పొంది, మరుసటి యేట లండనులోని పాడింగ్టన్ కాలువలో చిన్న పడవపై దానిని పరీక్షించుచుండగా, రెండు చుట్లుగల ఆ కొయ్యమర దేనికో తగిలి సగము విరిగినది. విరిగిన పిదప పడవ మందగించుటకు మారుగ మునుపటికంటె వేగముగా పోయినది. నీటిలో అక్కరకు మించిన వస్తువేదియు ఉండరాదను పాఠమును ఆయన ఒక ప్రమాదమువలన ఉచితముగా నేర్చుకొనెను. బ్రూనెల్ అను ఇంజనీరు నిర్మించిన గ్రేట్ బ్రిటన్ అను ఇనుపనౌక 1845లో ప్రొపెల్లరు బలముతో అట్లాంటిక్ సముద్రమును దాటి ఖ్యాతి గడించినదే. అయినను ఆస్ట్రేలియా ప్రయాణములలో తెరచాపలపై ఆధారపడవలసివచ్చిన ఆ నౌకకు 1857లో పైకెత్తదగిన ప్రొపెల్లరును అమర్చిరి. ఎత్తుటకు మారుగ రెక్కలనే త్రిప్పిన నేమి యను ఆలోచనయు ఆ కాలముననే పొడసూపినది. 1844లోనే బెన్నెట్ వుడ్‌క్రాఫ్ట్ అను ఆంగ్లేయుడు రెక్కల వాలును మార్చదగిన ప్రొపెల్లరునకు పేటెంటు పొందియుండెను.

నేడు సముద్రములపై తిరుగాడు 36 అడుగుల తెరచాపపడవలో 600 మంది నావికులు లేరు. సాధారణముగా భార్యాభర్త లిద్దరుందురు. వారిలో ఒకరు నిద్రించుచుందురు. కావున ఎత్తు పద్ధతి పోయినది, పేచీ మాత్రము మిగిలినది. పడవ అడుగున, చుక్కానికి కొంచెము ముందు, అరచేతులను చాచినట్లు నిలిచియుండు మూడు స్థిరమైన కంచురెక్కలు నీటిప్రవాహమునకు అడ్డుపడుచునే యుండును. ప్రవాహవేగము రెట్టింపైనచో ఈ అడ్డు నాలుగింతలగును. ఇంజను ఆపిన పిదప ఇరుసును గేరులో బంధించి ప్రొపెల్లరును కదలకుండ నిలుపుటయా, లేక న్యూట్రలులో విడిచి స్వేచ్ఛగా తిరుగనిచ్చుటయా, ఏది మేలను వివాదమును నావికులు తరతరములుగా సాగించిరి. గ్లాస్గోలోని స్ట్రాత్‌క్లయిడ్ విశ్వవిద్యాలయమునకు చెందిన పరిశోధకులు తొట్టిలో కొలతలు తీసి 2008లో ప్రకటించిన ఫలితములలో, బంధించిన ప్రొపెల్లరుకంటె తిరుగుచున్న ప్రొపెల్లరే తక్కువ అడ్డుపడునని తేల్చిరి. తీర్పు వచ్చినదే కాని శాంతి రాలేదు. రాత్రి యంతయు తిరుగుచుండు ఇరుసు చేయు మూలుగు పడకపై నున్నవారికి నిద్ర పట్టనీయదు, బేరింగులు అరుగును, కొన్ని గేరుపెట్టెల తయారీదార్లు అట్లు తిరుగనిచ్చుటను అంగీకరింపరు. పైగా తిరుగుచున్నను ఎంతో కొంత అడ్డు అడ్డే.

ఈ చిక్కును విప్పుటకు పుట్టినదే ఒదుగు రెక్కల ప్రొపెల్లరు. దాని నాభిని విప్పి చూచినవానికి గడియారపు పనివాని చేతినైపుణ్యమునకును, కమ్మరి బలిమికిని పొత్తు కుదిరినదా యనిపించును. ఇరుసు కొనకు బిగించిన మధ్యభాగమునకు శంకువు ఆకారముగల వాలుపండ్ల గేరొకటి యుండును. ప్రతి రెక్క మొదటను అట్టి గేరే చిన్నదిగా నుండి మధ్యగేరుతో పెనవేసికొనియుండును. రెక్కలను మోయు పైతొడుగు ఇరుసుతో నిలుకడగా బిగింపబడదు. కొంత కోణముమేరకు దానికి స్వాతంత్ర్యము కలదు. ఇంజను ఇరుసును త్రిప్పగనే నీటి నిరోధమువలన పైతొడుగు వెనుకబడును. ఆ వెనుకబాటు కారణముగ మధ్యగేరు రెక్కలను వాని వాని అక్షములపై త్రిప్పును. నిర్ణయించిన వాలు వచ్చినంతనే లోపలనున్న నిలుపుదలకు తగిలి రెక్కలు ఆగును. అంతటినుండి సమస్తమును ఏకముగా తిరిగి పడవను నెట్టును. ఇంజనును ఆపి ఇరుసును కదలకుండ నిలిపితిమా, నెట్టువాడు లేనందున ప్రవాహమే రెక్కలను త్రిప్పి తన దిశకు సమాంతరముగా పరుండబెట్టును. అంచులు మాత్రమే నీటికి ఎదురగును. స్ప్రింగు లేదు, విద్యుత్తు లేదు, పైనుండి నడుపు మీట లేదు.

వెనుకకు నడపునప్పుడు ఈ నాభి చూపు చాతుర్యము మరింత మెచ్చదగినది. స్థిరమైన రెక్కల ప్రొపెల్లరు వెనుకకు తిరిగినప్పుడు, నీటిని చీల్చుటకు గుండ్రముగా తీర్చిన అంచు వెనుకకు పోయి, పలుచని వెనుకంచు ముందునకు వచ్చును, వంపులన్నియు తలక్రిందులగును, త్రోపు తగ్గును. ఒదుగు రెక్కలైనచో ఇరుసు అవలి దిశకు తిరుగగనే తామును తిరిగి, ముందుటి అంచునే మరల ముందునకు తెచ్చుకొనును. కావున వెనుకకు పోవు త్రోపు ముందునకు పోవు త్రోపుతో ఇంచుమించు సమానమగును. ఇరుకు రేవులో, ప్రక్కగాలి వీచుచుండగా, కోట్లు విలువచేయు పరుల పడవల నడుమ తన పడవను నిలుపవలసిన యజమానికి ఈ గుణమొక్కటియే ధర చెల్లించుటకు చాలును. అయితే వెనుకకు నడపునప్పుడు పడవ తోకను ప్రక్కకు (కుడిచేతివాటపు ప్రొపెల్లరైనచో ఎడమవైపునకు) ఈడ్చు స్వభావము దీనివలన తొలగునని ఎవరైన చెప్పినచో నమ్మరాదు. త్రోపు పెరిగినప్పుడు ఆ ఈడ్పును పెరుగవచ్చును.

దీనికి దగ్గరి చుట్టము మడుపు రెక్కల ప్రొపెల్లరు. డెన్మార్కువారి గోరి, ఫ్లెక్సోఫోల్డ్ మొదలైనవి ఆ కోవలోనివి. అందు రెక్కలు గొడుగు ముడుచుకొన్నట్లు వెనుకకు వాలి ఒకదాని నొకటి చేరును. అడ్డు తగ్గించుటలో అదియే ఒక వాసి మిన్న, ధరలోను కొంత చౌక. కాని వెనుకకు నడపునప్పుడు రెక్కలను తెరచియుంచునది కేవలము తిరుగుడువలని అపకేంద్రబలమే కనుక ఆ పాటవము తక్కువ. పందెములాడువారు మడుపును, దూరప్రయాణికులు ఒదుగును కోరుట పరిపాటి. ఇటలీలో రూపొందిన మాక్స్‌ప్రాప్ ఒదుగు జాతిలో పేరెన్నిక గన్నది. బ్రిటనువారి ఆటోప్రాప్‌లో రెక్కల వాలు స్థిరముగా నుండక, ఇంజను వేగమునుబట్టి, నీటి ఒత్తిడినిబట్టి తనంతట తాను సవరించుకొనును. న్యూజీలండు కివీప్రాప్ రెక్కలు లోహముతో గాక గట్టి ప్లాస్టిక్ మిశ్రమముతో చేయబడును.

ప్రతి సుగుణమునకును మూల్యముండును. ప్రవాహమునకు సమాంతరముగా చక్కగా ఒదుగవలెనన్నచో రెక్క చదునుగా నుండవలెను. కాని ముందునకు నెట్టుటలో ఉత్తమమైన రెక్క మొదలునుండి కొనకు మెలిదిరిగియుండును. ఈ రెంటికిని రాజీ పొసగదు. కావున చదునురెక్కలది ఇంజనుతో ముందునకు పోవునపుడు స్థిరమైన మంచి ప్రొపెల్లరుకంటె కొంచెము వెనుకంజయే. ధర సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. స్థిరమైనది కొన్ని వందల డాలర్లకు దొరకుచోట ఇది కొన్నివేల డాలర్లు కోరును.

ఇంత పెట్టినందుకు లభించునదేమి? అమ్మకపుపత్రములలో అర నాట్ నుండి ఒక నాట్ వరకు అదనపు వేగమని చదువుదుము. గంటకు ఒక నాటికల్ మైలు చొప్పున పోవుటయే ఒక నాట్. పడవ నీటిరేఖ పొడవు 30 అడుగులైనచో దాని సహజమైన గరిష్ఠవేగము, ఆ పొడవు వర్గమూలమును 1.34తో హెచ్చింపగా వచ్చు 7.3 నాట్‌ల ప్రాంతమున నుండును. బలమైన గాలిలో పడవ ఆ హద్దును తాకియున్నప్పుడు ఒదుగు రెక్కలు చేర్చునది స్వల్పము. గాలి మందముగా నున్నప్పుడే వాని విలువ తెలియును. నా దృష్టిలో ఈ పరికరపు అసలు లాభము వేగమాపకములో కనబడునది కాదు. వేగము 4 నాట్‌లకు తగ్గినచో ఇంజను మీట త్రిప్పుదమను నియమమును తనకు తాను విధించుకొనిన నావికు డొకడున్నాడనుకొందము. మందగాలిలో స్థిరమైన రెక్కలతో అతని పడవ మూడున్నర నాట్‌లు పోవును. అతడు ఇంజను ఆడించును. అదే గాలిలో ఒదుగు రెక్కలతో నాలుగు నాట్‌లకు మించి పోవును. అతడు చేయి వెనుకకు తీసికొని, టీ కాచుకొనును. లాభించినది అర నాటే, కాని ఒక మధ్యాహ్నమంతయు యంత్రఘోషకు మారుగ నీటిసవ్వడి దక్కినది.

ఇంధనపు లెక్క ఈ మాటను బలపరచును. 36 అడుగుల పడవలో 150 లీటర్ల డీజిలు పట్టు తొట్టి యుండుట సామాన్యము. గంటకు రెండున్నర లీటర్లు కాల్చు ఇంజనుకు అది 60 గంటలకు సరిపోవును. అనగా ఐదున్నర నాట్‌ల వేగమున సుమారు 330 నాటికల్ మైళ్లు. జిమ్మీ కార్నెల్ అను నావికుడు 1986లో నెలకొల్పిన ఆర్క్ అను సామూహిక యాత్రలో పడవలు ప్రతి నవంబరు మాసమున కానరీ ద్వీపములలోని లాస్ పాల్మాస్ నుండి బయలుదేరి, కరీబియన్ సముద్రమునందలి సెయింట్ లూసియా చేరుటకు దాదాపు 2,700 నాటికల్ మైళ్లు పోవలెను. తొట్టిలోని డీజిలు అందులో ఎనిమిదవ వంతుకును చాలదు. సగటున 5 నాట్‌ల చొప్పున ఆ దూరమునకు ఇరువదిరెండున్నర దినములు పట్టును. ఐదున్నర చొప్పున ఇరువదిన్నర లోపుననే ముగియును. దారి పొడుగునను అర నాట్ కూడునని నా యభిప్రాయము కాదు. వాణిజ్యపవనములు దృఢముగా వీచు దినములలో కూడదు. కాని దారి మధ్య గాలి అలసిపోవు దినములుండును గదా.

ఇట్టి ప్రయాణములు తెలుగువారికి కేవలము పరుల ముచ్చట్లు కావు. భారత నౌకాదళపు తారిణి అను తెరచాపనౌక 2017–18లో ఆరుగురు మహిళాధికారులతో గోవానుండి బయలుదేరి భూమిని చుట్టివచ్చినప్పుడు, వారిలో విశాఖపట్టణమునకు చెందిన పాతర్లపల్లి స్వాతియు, హైదరాబాదునకు చెందిన బొడ్డపాటి ఐశ్వర్యయు ఉండిరి. 21,600 నాటికల్ మైళ్ల ఆ మార్గము భూమధ్యరేఖను దాటిపోయినది. అచ్చట గాలి స్తంభించు మేఖలలో పడవకు ముందడుగు ఎంత దుర్లభమో అట్టివారికే అనుభవవేద్యము.

ఇక బిగింపు. కొలతలు తప్పినచో ఎంత ఖరీదైన ప్రొపెల్లరైనను వ్యర్థమే. పడవను ఒడ్డునకెత్తి, దిమ్మెలపై నిలిపి, మొదట చూడవలసినది స్థలము. స్థిరమైన ప్రొపెల్లరు ఉన్నచోట ఇది తప్పక పట్టునని అనుకొనరాదు. తిరుగుచున్న రెక్క కొనకును పడవ అడుగునకును నడుమ వ్యాసములో పదవ వంతైనను ఖాళీ యుండవలెను. అంతకు తగ్గినచో ప్రతి రెక్కయు దాటునప్పుడెల్ల నీటి తాకిడి అడుగున మద్దెల వాయించును. రెండవది, రెక్కలు ఒదిగినప్పుడు వెనుకకు చాగును. విప్పినప్పుడు చుక్కానికి తగులని రెక్క ఒదిగినప్పుడు తగులవచ్చును. చుక్కానిని రెండు వైపులకును పూర్తిగా త్రిప్పి మరీ చూచుకొనవలెను. ఇరుసు తిరుగు వాటము కుడియా యెడమయా, గేరుపెట్టె తగ్గింపు ఎంత, ఇంజను శక్తి యెంత, నీటిరేఖ పొడవెంత యను వివరములన్నియు తయారీదారునకు పంపినగాని తగిన నమూనా రాదు. ఇరుసును మోయు రబ్బరు బేరింగు అరిగినదేమో చూచుటకు ఇదియే సమయము. పొడుగు ఇరుసుకు మారుగ పడవ అడుగునుండి నిలువుగా దిగు సెయిల్‌డ్రైవు కాలుగల పడవలలో ఆ కాలు అల్యూమినియముతో చేసినది గనుక, కంచు నాభి దానిని నేరుగా తాకకుండ విద్యుద్బంధము తప్పించు ఏర్పాటును అవసరము.

పాత ప్రొపెల్లరును ఊడదీయుటకు, మర బిగించుచు మెల్లగా లాగు పుల్లరు అను పనిముట్టునే వాడవలెను. సుత్తితో మోదినచో ఆ దెబ్బ ఇరుసు గుండ గేరుపెట్టెకు చేరును. ఇరుసు కొన టేపరుగా సన్నగిలియుండును. ఐరోపా పడవలలో సాధారణముగా పదికి ఒకటి, అమెరికా పడవలలో పదునారుకు ఒకటి చొప్పున ఆ సన్నదనముండును; రెంటికిని పొరపడి తెప్పించిన నాభి చేతిలో నున్నంతవరకు ఒకే తీరుగ కనబడును, ఇరుసుపై మాత్రము కూర్చొనదు. సరియైనదైనను నాభిలోపలి రంధ్రము ఇరుసుతో నిండుగా అతుకుకొనవలెను. ఇరుసుపై పలుచగా నీలిరంగు పూసి నాభిని తొడిగి తీసినచో, రంగు అంటిన తావులు తాకుచున్నవని, అంటని తావులు తాకుటలేదని తేటపడును. అవసరమైనచో సన్నని గ్రైండింగు పేస్టుతో ఓపికగా రాపాడించి ఆ తాకుడును సమము చేయవలెను. పిమ్మట పేస్టును సమూలముగా కడిగివేయవలెను.

ఇచ్చట పొంచియుండు మోసమొకటి కలదు. ఇరుసును నాభియు ఒకటిగా తిరుగుటకై వాని గాళ్లలో కీ అను లోహపుముక్కను దూర్తురు. ఆ కీ వెంట్రుకవాసి ఎత్తుగా నున్నను నాభి టేపరుపై గాక కీమీద కూర్చొనును. చూపునకు గట్టిగానే యుండును, నట్టు బిగియును, పనివాడు చేతులు కడుగుకొనును. నడిసముద్రములో ఇంజను బలముగా లాగినప్పుడు నాభి ఒరపిడికి లోనై వదులగును. కావున కీ లేకుండ నాభిని తొడిగి అది చేరినచోట ఇరుసుపై గీత గీయుట, తరువాత కీతో తొడిగి అదే గీతకు చేరినదా యని చూచుట ఉత్తమము. చేరనిచో కీ పైముఖమును ఆకురాయితో తగ్గింపవలెను. ఈ పరీక్షకు ఘడియ పట్టదు. దీనిని దాటవేయు పనివానికి నేనైతే పడవ నప్పగింపను.

గేర్లను కూర్చునప్పుడు రెక్కల వరుస సంఖ్యలను, పండ్లపై చెక్కిన గుర్తులను తయారీదారు పత్రమును చూచుచునే సరిపోల్చుకొనవలెను. ఒక్క పన్ను జరిగినను ఆ రెక్క వాలు తక్కినవానితో కలియదు. పడవ యంతయు వణకును. నట్టు బిగించి, అది వదులుకాకుండ పిన్ను గుచ్చి, నాభినిండ నీటికి కరగని గ్రీజు పట్టించి, కొనకు జింకు ముక్కను తొడిగినచో బిగింపు ముగియును. ఉప్పునీటిలో లోహములకు కలుగు విద్యుత్‌క్షయమును ఆ జింకు తనపై వేసికొని కరగిపోవును. జింకు కరగిపోయిన తరువాత క్షయము కంచుమీదికి తిరుగును. రెక్క గులాబిఛాయకు తిరిగినచో అందలి జింకుపాలు పోయి మిగిలినది బోలు రాగియని గ్రహింపవలెను.

పడవ నీటిలో దిగిన తరువాత పరీక్షింపవలసినది వాలు. ప్రొపెల్లరు ఒక చుట్టు తిరిగినప్పుడు, జారుడే లేనిచో, ఎంత ముందునకు పోవునో ఆ దూరమును పిచ్ అందురు. ఇంజను నిమిషమునకు 2,600 చుట్లు తిరుగుచు, గేరుపెట్టె దానిని 2.6వ వంతునకు తగ్గించినచో, ఇరుసు 1,000 చుట్లు తిరుగును. పిచ్ 12 అంగుళములైనచో లెక్కప్రకారము పడవ నిమిషమునకు వేయి అడుగులు, అనగా ఇంచుమించు 10 నాట్‌లు పోవలెను. నిజమునకు 6 నాట్‌లే పోవును. తక్కినది జారుడు క్రింద ఖర్చగును. ఇంజనును పూర్తిగా తెరచినప్పుడు తయారీదారు చెప్పిన గరిష్ఠవేగము నందుకొనవలెను. అందుకొనలేక ఉక్కిరిబిక్కిరియై నల్లపొగ విడిచినచో పిచ్ ఎక్కువ; అవలీలగా ఆ హద్దును తాకి, పడవ మాత్రము పోకున్నచో తక్కువ. స్థిరమైన ప్రొపెల్లరుకు ఇట్టి లోపము కలిగినచో దానిని కర్మశాలకు పంపి వాలు దిద్దించుటయో, మరియొకటి తెప్పించుటయో తప్పదు. ఒదుగు రెక్కలకైతే గేర్ల గుర్తులను మార్చి కూర్చుట, కొన్ని నమూనాలలో ఒక మరను త్రిప్పుట చాలును. కొన్నవారిలో చాలమంది ఈ సౌకర్యమును ముందు తలచరు, తరువాత మెచ్చుకొందురు.

క్రొత్త యజమాని కొన్ని అలవాట్లు నేర్వవలెను. తెరచాప లెత్తిన పిదప వేగమును రెండు మూడు నాట్‌లకు తగ్గించి, గేరు ముందునకే యుండగా ఇంజనును ఆపినచో రెక్కలు చక్కగా ఒదుగును. న్యూట్రలులో పెట్టి ఆపినచో ప్రవాహము ఇరుసును త్రిప్పుచునేయుండి రెక్కలు విప్పుకొనియే యుండవచ్చును. ముందునుండి వెనుకకు గేరు మార్చునప్పుడు నడుమ ఒక్క క్షణమాగవలెను. ఆగనిచో లోపలి నిలుపుదలపై రెక్కలు గట్టిగా మొత్తుకొనును. అన్నిటికంటె పెద్ద శత్రువు సముద్రపు గుల్లలు. కొన్ని వారములు రేవులో కదలక నిలిచిన పడవ రెక్కల మొదళ్లయందు గుల్లలు పెరిగినచో, వేలకువేలు పోసి కొన్న యంత్రము ఒదుగను లేదు, విప్పుకొనను లేదు. ఏటేట పడవను ఎత్తినప్పుడు పాత గ్రీజును నెట్టివేసి క్రొత్తది నింపుట, రెక్కలను గోకి మెరుగుపెట్టుట, నీటిలో నున్నప్పుడు వీలు చూచి ఈదిపోయి తడవి చూచుకొనుట తప్పవు.

అందరును దీనిని కొనవలెనని నే ననను. ఆదివారము రేవు దాటి రెండుగంటలు తిరిగి సాయంకాలము మరలివచ్చు పడవకు ఇది ఆడంబరము. అడుగుదూలము పొడుగున వెనుకదాక సాగి, దాని చివర మందమైన కొయ్యకు వెనుకనే ప్రొపెల్లరు తిరుగు పాతకాలపు పడవలలోను అక్కర తక్కువ. అట్టి పడవకు రెండు రెక్కల స్థిరమైన ప్రొపెల్లరే యుండినచో, పూర్వులు చేసిన ఉపాయము నేటికిని చెల్లును. రెక్కలు నిట్టనిలువుగా ఆ కొయ్య నీడలో దాగియుండు స్థితిలో, పడవలోపల ఇరుసుపై రంగుతో ఒక గుర్తు పెట్టవలెను. తెరచాప లెత్తిన తరువాత ఒకరు నేలపలకను తీసి, ఇరుసును చేతితో ఆ గుర్తు పైకి వచ్చువరకు త్రిప్పి గేరులో నిలుపవలెను. ఖర్చు చిటికెడు రంగు. మిగిలిన సొమ్ముతో ఆ యజమాని సాగిపోయిన పాత తెరచాపను మార్చుకొన్నచో, మందగాలిలో ఒదుగు రెక్కలు ఇచ్చుదానికంటె ఎక్కువే పొందును.